చలికాలం సెలవులు, మన కళ్లు: ఇంట్లో చూసుకోగలిగినవి ఏవి, ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సినవి ఏవి

మీరు రాసిన దాంట్లో నిజానికి నాలుగు ప్రశ్నలున్నాయి. చలి మొదలైనప్పటి నుంచి మీ కళ్లు గరగరలాడుతున్నాయి, బయట అడుగుపెడితే ధారగా నీళ్లు కారుతున్నాయి. మందుల షాపతను మాత్రం ‘ఇది పొడి కళ్ల సమస్య’ అన్నాడు. ఇన్ని నీళ్లు కారుతుంటే పొడి ఎలా అవుతుందన్నది మొదటి ప్రశ్న. సెలవులకి పది రోజులు మంచు కొండల్లో గడపబోతున్నారు, అక్కడ కళ్లకి ఏం జాగ్రత్తలు కావాలన్నది రెండోది. మీరు కాంటాక్ట్ లెన్సులు వాడతారు, తొమ్మిదేళ్ల మీ అబ్బాయి సెలవులంటే ట్యాబ్ వదలడు, మీ అమ్మగారు ఏళ్లుగా నీటికాసులకి చుక్కల మందు వేసుకుంటున్నారు. వీళ్లందరి సంగతీ మూడోది. ‘అక్కడ ఏమైనా అయితే తిరిగొచ్చాక చూపించుకోవచ్చా’ అన్నది నాలుగోది.

నేను 22 ఏళ్లుగా కంటి డాక్టరుగా పనిచేస్తున్నాను. మీ నాలుగో ప్రశ్నతోనే మొదలుపెడతాను. సెలవులు అయిపోయిన వారం నా దగ్గరికి వచ్చే కేసుల్లో నన్ను ఎక్కువ బాధపెట్టేవి పెద్ద దెబ్బలు కావు. పెద్ద దెబ్బ తగిలితే ఎవరైనా వెంటనే పరుగెత్తుకొస్తారు. చిన్నగా మొదలై, ‘పండగ పూట ఆసుపత్రి ఎందుకు, నాలుగు రోజులు ఆగి చూద్దాంలే’ అనుకుని ఆగినవే చేతికి అందకుండా పోతాయి.

ఒక అమ్మాయి సంగతి చెప్తాను. వయసు 24. సెలవుల్లో ఒక రాత్రి బాగా పొద్దుపోయి, లెన్సులు తీయకుండానే నిద్రపోయింది. పొద్దున లేచేసరికి ఒక కన్ను ఎర్రబడింది, వెలుతురు చూస్తే గుచ్చుకుంటోంది. అందరూ సరదాగా ఉన్న టైములో తన వల్ల అందరికీ టెన్షన్ ఎందుకని, ఇంట్లో ఎప్పటిదో మిగిలి ఉన్న చుక్కల మందు వేసుకుంది. అందులో స్టెరాయిడ్ ఉంది. ఎరుపు కాస్త తగ్గింది, నయమవుతోందనుకుంది. స్టెరాయిడ్ ఎరుపుని తగ్గిస్తుంది కానీ క్రిమిని చంపదు, పైగా దానికి దారి ఇస్తుంది. నాలుగో రోజు అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు మీద, అంటే కంటి ముందుండే తేట పొర కార్నియా మీద, గుండుసూది తలంత తెల్లమచ్చ. నా దగ్గరికి వచ్చేసరికి ఆ మచ్చ కంటిపాపని సగం కప్పేసింది. గంటకోసారి యాంటీబయాటిక్ చుక్కలు, రాత్రీ పగలూ. క్రిమి చచ్చింది, కన్ను నిలిచింది, మచ్చ మాత్రం సరిగ్గా మధ్యలో ఉండిపోయింది. ఇప్పటికీ ఆ కంటితో సన్న అక్షరాలు చదవలేదు. మొదటి రోజే వచ్చి ఉంటే ఆ పుండు అంత లోతుకి వెళ్లేది కాదు. ఈ మాట నేను ఆమెకి చెప్పలేదు, అప్పటికి చెప్పి ప్రయోజనం లేదు కాబట్టి. మీకు మాత్రం చెప్తున్నాను, మీకింకా టైముంది.

అందుకని, ఆగకూడనివి ఏవో ముందు తెలుసుకోండి. లెన్సు వాడేవాళ్లకి కన్ను ఎర్రబడి నొప్పి ఉంటే, లెన్సు తీసేసి ఆ రోజే చూపించుకోవాలి. చూపు ఉన్నట్టుండి పోతే, నొప్పి ఏమీ లేకపోయినా సరే, తిన్నగా ఎమర్జెన్సీకే వెళ్లాలి. కంటి వెనక బొమ్మ పడే పొర రెటీనా. దానికి రక్తం తెచ్చే నాళం మూసుకుపోవడమంటే కంటికి పక్షవాతం వచ్చినట్టే, అక్కడ లెక్క గంటల్లో ఉంటుంది. కళ్ల ముందు ఒక్కసారిగా నల్ల చుక్కలు, పోగులు గుంపుగా తేలడం, పక్కన మెరుపులు మెరవడం, ఒక మూల నుంచి తెర దిగుతున్నట్టు ఉండటం రెటీనా చిరిగిందనడానికో ఊడుతోందనడానికో గుర్తులు. మైనస్ పవర్ ఎక్కువున్నవాళ్లు వీటిని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు. చిరుగు దగ్గరే పట్టుకుంటే లేజర్‌తో అంటించి పంపేస్తాం. ఊడితే ఆపరేషనే. ఇక కంటినొప్పితో పాటు తలనొప్పి, వాంతులు వస్తే అదీ ఆగకూడనిదే, దాని గురించి మీ అమ్మగారి సంగతి వచ్చినప్పుడు వివరంగా చెప్తాను.

ఇప్పుడు మీ కళ్ల నీళ్ల సంగతి. మందుల షాపతను చెప్పింది నిజమే అయ్యుండాలి. కన్నీరంటే ఒట్టి ఉప్పునీళ్లు కాదు. నల్లగుడ్డుని అంటుకుని జిగురు, దాని మీద నీరు, అన్నిటికన్నా పైన పలచటి నూనె పొర ఉంటాయి. ఆ నూనె రెప్పల అంచుల్లో వరసగా ఉండే మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. కింది నీరు ఆవిరైపోకుండా కాపాడేది అదే. చలిగాలికి తేమని పట్టి ఉంచే శక్తి తక్కువ. ఆ గాలినే గదిలో హీటర్ పెట్టి వేడి చేస్తే గదిలో తేమ 30 శాతం కంటే కిందికి పడిపోవడం మామూలే. విమానంలో చాలాసార్లు 20 శాతం కూడా ఉండదు. అలాంటి గాలికి కన్నీటి పొర త్వరగా చిట్లిపోతుంది. నల్లగుడ్డు నిండా నరాల కొసలే ఉంటాయి కాబట్టి అవి వెంటనే మెదడుకి కబురు పెడతాయి, పైనున్న కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్లు వదిలేస్తుంది. ఈ నీళ్లలో నూనె, జిగురు సరిపడా ఉండవు. కన్ను మీద నిలవలేక చెంప మీదికి జారిపోతాయి, కన్ను మళ్లీ ఎండుతుంది, మళ్లీ నీళ్లు కారతాయి. మీరు చూస్తున్న ధార అదే.

దీన్ని నేను రోజూ మైక్రోస్కోపులో చూస్తాను. ఫ్లోరెసిన్ అనే రంగు అద్దిన చిన్న కాగితపు పట్టీని రెప్ప లోపల తాకించి, నీలి వెలుతురు వేస్తే నల్లగుడ్డంతా ఆకుపచ్చగా, నున్నగా మెరుస్తుంది. ‘రెప్ప వేయకుండా ఉండండి’ అని చెప్పి మనసులో లెక్కపెడతాను. మంచి కంట్లో పది సెకన్ల దాకా ఆ పొర చెక్కుచెదరదు. పొడి కంట్లో మూడు, నాలుగు అనేలోపే ఆ పచ్చదనంలో ఒక నల్లటి చుక్క పడుతుంది. నీరింకిన చెరువు నేల నెర్రె విచ్చినట్టు అది పక్కలకి పాకుతుంది. చాలామందికి సరిగ్గా అప్పుడే కన్ను మండుతుంది, తట్టుకోలేక రెప్ప వేసేస్తారు. తెరలు చూస్తున్నప్పుడు జరిగేదీ ఇదే. మామూలుగా నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేసే మనం, ఫోనో ల్యాప్‌టాపో చూస్తుంటే అందులో మూడో వంతు కూడా వేయం. వేసినవీ సగం రెప్పలే, కింది అంచు దాకా దిగవు. సెలవుల్లో వరసగా సినిమాలు చూసి, అర్ధరాత్రి దాకా మేలుకుని, హీటర్ ఎదురుగా కూర్చుంటే కళ్లు మండకుండా ఎలా ఉంటాయి?

చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు, కానీ రోజూ చేయాలి. హీటర్ గాలి, కారులో వెచ్చటి గాలి మొహానికి తగలకుండా కాళ్ల వైపు తిప్పండి. గదిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే కళ్లకి హాయి. తేమ ఇచ్చే యంత్రం ఉంటే వాడండి, నీళ్లు మాత్రం రోజూ మార్చి శుభ్రంగా కడగండి, లేకపోతే అందులో బూజు పట్టి ఇంకో తలనొప్పి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో దేన్నైనా 20 సెకన్లు చూడమనే నియమం మీకు తెలిసే ఉంటుంది. ఆ 20 సెకన్లలో నాలుగైదు సార్లు రెప్పలు పూర్తిగా మూసి, రెండు సెకన్లు అలాగే ఉంచి తెరవండి. నా దృష్టిలో దూరం చూడటం కంటే ఈ రెప్పలు మూయడమే పొడి కళ్లకి ఎక్కువ పనిచేస్తుంది.

దానితో పాటు వెచ్చటి కాపడం పెట్టండి. శుభ్రమైన గుడ్డని చేతికి హాయిగా అనిపించేంత వేడి నీళ్లలో ముంచి పిండి, మూసిన రెప్పల మీద పది నిమిషాలు పెట్టాలి. గుడ్డ ఒక నిమిషంలోనే చల్లారిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ ముంచాలి. ఇక్కడే అందరూ బద్ధకించి, ‘కాపడం పెట్టాం కానీ తేడా లేదు’ అంటారు. రెప్పల్లో గడ్డకట్టిన నూనె కరగాలంటే 40 డిగ్రీల వేడి కొన్ని నిమిషాలైనా ఉండాలి. తర్వాత పై రెప్పని కిందికి, కింది రెప్పని పైకి వేలితో మెల్లగా రాయండి, కనుగుడ్డు మీద ఒత్తిడి పడకుండా. ఒమేగా 3 మాత్రలు వేసుకోవచ్చా అని కూడా చాలామంది అడుగుతారు. 2018లో వచ్చిన డ్రీమ్ అనే పెద్ద పరీక్షలో పొడి కళ్లున్నవాళ్లకి ఏడాది పాటు ఆ మాత్రలిచ్చి చూస్తే, ఉత్త ఆలివ్ నూనె మాత్రలు వేసుకున్నవాళ్లతో పోలిస్తే తేడా ఏమీ కనపడలేదు. అందుకే నేను వాటిని రాయను.

చుక్కల మందు విషయంలో కాస్త గట్టిగానే చెప్తాను. కన్నీటి చుక్కలు, అంటే లూబ్రికెంట్ డ్రాప్స్, రోజుకి నాలుగు సార్ల కంటే ఎక్కువ వాడాల్సి వస్తే ప్రిజర్వేటివ్ లేనివే తీసుకోండి. సీసాల్లో క్రిములు పెరగకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ మాటిమాటికీ పడితే కంటి పైపొరనే దెబ్బతీస్తుంది. ‘కళ్ల ఎరుపు పోగొడుతుంది’ అని అమ్మే చుక్కలు వద్దు. అవి రక్తనాళాలని కాసేపు బిగించి తెల్లగా కనిపించేలా చేస్తాయి, మందు దిగగానే కన్ను మునుపటి కంటే ఎర్రగా అవుతుంది, మళ్లీ వేసుకోవాలనిపిస్తుంది. ఇక డాక్టరు చూడకుండా స్టెరాయిడ్ చుక్కలు వేసుకోవద్దు. ఆ అమ్మాయి సంగతి చెప్పాను కదా. నెలల తరబడి వేసుకుంటే కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు రావొచ్చు, శుక్లాలూ రావొచ్చు.

వేసుకునే పద్ధతి కూడా ముఖ్యమే. తల వెనక్కి వాల్చి, కింది రెప్పని కిందికి లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది, ఒక్క చుక్క అందులో వేయండి. సీసా మూతి రెప్పకి గానీ వెంట్రుకలకి గానీ తగలకూడదు. కన్ను ఒక్క చుక్కనే పట్టగలదు, రెండోది చెంపకి పోతుంది. తర్వాత కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలని వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టుకోండి, మందు ముక్కులోకి, గొంతులోకి జారిపోకుండా. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగాలి. మీ అమ్మగారికి కూడా ఇది చెప్పండి. ఏళ్లుగా చుక్కలు వేసుకునేవాళ్లని నా ఎదురుగా వేసుకుని చూపించమంటే, చాలామంది చుక్క కంట్లో పడనే పడదు. పాపం, ఆ మందు పనిచేయట్లేదని ఇంకో మందు కలుపుతూ పోతాం.

మంచు కొండల సంగతి. అక్కడ చల్లగా ఉంటుంది కాబట్టి ఎండ గురించి ఎవరూ ఆలోచించరు. గడ్డి, మట్టి, నీరు తమ మీద పడిన అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో పది శాతం కూడా వెనక్కి కొట్టవు. అప్పుడే పడిన మంచు 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది. అంటే పైనుంచి వచ్చేది ఒకటి, కింది నుంచి వచ్చేది ఇంకొకటి. టోపీ అంచు, కనుబొమలు కింది నుంచి వచ్చేదాన్ని ఆపలేవు. పైగా ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకీ ఆ కిరణాలు పది శాతం దాకా పెరుగుతాయి, పలచటి మబ్బు వాటికి పెద్ద అడ్డూ కాదు. రోజంతా అలా తిరిగితే నల్లగుడ్డు పైపొర కమిలిపోతుంది. దీన్ని మంచు అంధత్వం అంటారు. మోసం ఏంటంటే, ఎండలో ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, తరచుగా పడుకున్నాక, రెండు కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, లైటు వైపు చూడలేకపోవడం మొదలవుతాయి. పగలు తిరిగిన దానికి రాత్రి నొప్పి కాబట్టి చాలామందికి ఆ రెండింటికీ సంబంధం తట్టదు.

అలా అయితే లెన్సులుంటే తీసేసి, గదిలో లైట్లు తగ్గించి, మూసిన రెప్పల మీద చల్లటి తడిగుడ్డ పెట్టండి. ప్రిజర్వేటివ్ లేని కన్నీటి చుక్కలు, మామూలుగా మీకు పడే నొప్పి మాత్ర చాలు. పైపొర దానంతట అదే ఒకటి రెండు రోజుల్లో పెరుగుతుంది. నలపకూడదు. ఎవరైనా కన్ను మొద్దుబార్చే చుక్కలు ఇస్తే ఇంటికి తెచ్చుకోకండి. ఒకసారి పరీక్ష కోసం మేం వేసేది వేరు, మీరు రోజంతా వేసుకుంటే ఆ పొర మానదు సరికదా, నల్లగుడ్డు కరిగిపోయే ప్రమాదం కూడా ఉంది. రెండు రోజులైనా తగ్గకపోయినా, ఒక్క కన్నే నొప్పిగా ఉన్నా డాక్టరుకి చూపించండి.

రాకుండా చూసుకోవడం మాత్రం చాలా సులువు. నల్ల కళ్లద్దాలు కొనేటప్పుడు రంగు ఎంత నలుపో చూడొద్దు, యూవీ400 అని ఉందో లేదో చూడండి. ఆ రక్షణ లేని ఉత్త నల్ల అద్దం పెట్టుకుంటే చీకటికి కంటిపాప విచ్చుకుని, ఇంకా ఎక్కువ కిరణాలు లోపలికి పోతాయి. పోలరైజ్డ్ అని రాసి ఉన్నంత మాత్రాన యూవీని ఆపుతుందని కాదు, అది మెరుపుని తగ్గిస్తుందంతే. రెండూ ఉంటే మంచిది. పక్కల నుంచి గాలి, వెలుతురు దూరకుండా కణతల దాకా చుట్టుకునే రకం తీసుకుంటే మీ కళ్ల నీళ్లకి కూడా అదే మందు. మంచు మీద జారే ఆటలకి గాగుల్స్ తప్పనిసరి. ఉత్తర ధ్రువ ప్రాంతాల్లో ఉండే ఇన్యూట్‌లు వందల ఏళ్ల కిందటే ఎముకనో చెక్కనో కంటికి సరిపడేలా చెక్కి, మధ్యలో సన్నటి చీలిక మాత్రం ఉంచి కట్టుకునేవారు. అద్దమే లేకుండా కళ్లని కాపాడుకున్నారు. పిల్లలకి బొమ్మ కళ్లద్దాలు కాకుండా నిజమైనవి కొనండి. వాళ్ల కంటి లోపలి కటకం పెద్దవాళ్లదానికంటే తేటగా ఉంటుంది, కిరణాలు ఇంకా లోపలికి పోతాయి.

మీ లెన్సుల గురించి: ప్రయాణానికి రోజువారీ పారేసే రకం మార్చుకుంటే సగం బాధ తీరుతుంది. నెలవారీవే వాడతానంటే, ద్రావణం ప్రతిరోజూ పూర్తిగా పారబోసి కొత్తది పోయాలి, అరచేతిలో వేలితో రుద్ది కడగాలి, డబ్బాని మూడు నెలలకోసారి మార్చాలి. కుళాయి నీళ్లు తగలకూడదు, వేడి నీళ్ల తొట్టిలోకి లెన్సులతో దిగకూడదు. అకాంతమీబా అనే జీవి ఆ నీళ్లలో ఉంటుంది, అది పట్టుకుంటే నెలల తరబడి వదలదు. లెన్సులతో నిద్రపోతే ఇన్‌ఫెక్షన్ ముప్పు ఆరు నుంచి ఎనిమిది రెట్లు పెరుగుతుంది. విమానంలో కునుకు కూడా నిద్రే. నా సలహా, విమానం ఎక్కే రోజు కళ్లద్దాలే పెట్టుకోండి. చలికి లెన్సు కంట్లో గడ్డకడుతుందని భయపడేవాళ్లని చూశాను, అలా జరగదు, కంటి వేడి, కన్నీరు దాన్ని కాపాడతాయి. ముస్తాబు కోసమని పవర్ లేని రంగు లెన్సులు, అది కూడా స్నేహితులవి మార్చుకుని పెట్టుకోవడం మాత్రం ఎవర్నీ చేయనివ్వకండి. కళ్లద్దాలు బయటి చలి నుంచి వెచ్చటి గదిలోకి రాగానే మసకబారితే చొక్కా అంచుతో తుడవకండి, ఒక నిమిషం ఆగితే అదే పోతుంది.

ఇప్పుడు మీ అమ్మగారు. ఆవిడ చుక్కల మందు ఒక్కరోజు మానినా ఏమీ తెలియదు, నొప్పి ఉండదు, చూపు తగ్గినట్టు అనిపించదు. అందుకే ప్రయాణాల్లో మొదట మానేసేది అదే. కంట్లో ప్రెషర్ మాత్రం పెరుగుతూ ఉంటుంది, ఒకసారి పోయిన కంటి నరం మళ్లీ రాదు. రెండు సీసాలు తీసుకెళ్లండి, ఒకటి చేతి సంచిలో, ఇంకొకటి మరొకరి సంచిలో. లోడు చేసే సూట్‌కేసులో వద్దు. లాటానోప్రోస్ట్ రకం అయితే మూత తీయని సీసాని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, తెరిచాక 25 డిగ్రీల లోపు గదిలో ఆరు వారాల దాకా వాడొచ్చు. రాత్రంతా బయట కారులో వదిలేసి గడ్డకట్టనివ్వకండి. అక్కడ టైము మారితే పడుకునే ముందు వేసుకునే చుక్కని అక్కడి పడుకునే వేళకే మార్చుకుంటే చాలు.

ఒక్కటి మాత్రం బయల్దేరే ముందే ఆవిడ డాక్టరుని అడగండి: ‘మా అమ్మది ఓపెన్ యాంగిలా, యాంగిల్ క్లోజరా?’ కొందరికి కంటి లోపలి నీరు బయటికి పోయే మూల (యాంగిల్) పుట్టుకతోనే ఇరుకుగా ఉంటుంది. చీకట్లోనో, కొన్ని మందుల వల్లో కంటిపాప విచ్చుకుంటే ఆ మూల పూర్తిగా మూసుకుపోతుంది. జలుబు మాత్రల్లో ఉండే యాంటీహిస్టమిన్లు, ముక్కుదిబ్బడ తగ్గించే మందులు, ప్రయాణంలో వాంతులు రాకుండా చెవి వెనక అంటించుకునే స్కోపోలమిన్ పట్టీ, ఇవన్నీ ఆ పని చేయగలవు. చలికాలం సెలవుల్లో ఇలాంటివి చాలామంది వాడుతుంటారు. ఓపెన్ యాంగిల్ వాళ్లకీ, ఆ నీటికి ముందే లేజర్‌తో దారి చేయించుకున్నవాళ్లకీ ఈ భయం పెద్దగా లేదు.

కొన్నేళ్ల కిందట ఒక పెద్దావిడ, 61 ఏళ్లు, జలుబుకి మాత్ర వేసుకుని, పిల్లలతో కలిసి లైట్లార్పి సినిమా చూశారు. నడిరాత్రి విపరీతమైన తలనొప్పి, వాంతులు. బంధువులందరూ అజీర్ణం అనుకున్నారు, వాంతుల మందు, తలనొప్పి మాత్ర ఇచ్చారు. ‘లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయి’ అని ఆవిడ రెండుసార్లు చెప్పారట. ఎవరూ పట్టించుకోలేదు. నా దగ్గరికి వచ్చింది రెండో రోజు సాయంత్రం. కంటి ప్రెషర్ 58, ఉండాల్సింది 10 నుంచి 21 మధ్య. నల్లగుడ్డు ఆవిరి పట్టిన అద్దంలా ఉంది, కంటిపాప లైటు వేసినా కదల్లేదు. మందులతో దింపి, లేజర్‌తో దారి చేశాం. చూపు కొంతే మిగిలింది. వాంతులు, తలనొప్పి ఉన్నవాళ్ల కంటి వైపు ఒక్కసారి టార్చి వేసి చూడండి. ఒక కన్ను ఎర్రగా, మసకగా ఉంటే అది కడుపు సమస్య కాదు.

మీ అబ్బాయి ట్యాబ్ గురించి నేను మీతో గొడవ పడను. సెలవులు కదా. కానీ రోజుకి రెండు గంటలు బయట పగటి వెలుతురులో ఆడితే మైనస్ పవర్ మొదలవడం తగ్గుతుందని తేలింది, కాబట్టి ట్యాబ్ లాక్కోవడం కంటే బయటికి తోలడం మీద పట్టుబట్టండి. ట్యాబ్‌ని మోచేతి దూరంలో పట్టుకోవాలి, పడుకుని మొహం మీద పెట్టుకుని కాదు. లేజర్ టార్చి బొమ్మగా కొనివ్వకండి. 5 మిల్లీవాట్ల లోపు అని అతికించిన వాటిలో కూడా ఎక్కువ శక్తి ఉన్నవి ఉంటాయి. దాన్ని అద్దంలో చూస్తూ తన కంట్లోకే వేసుకునే పిల్లలుంటారు, రెటీనా మధ్యలో కాలిన మచ్చకి మందు లేదు. గుండ్లు పేల్చే తుపాకీ బొమ్మలు, గట్టిగా ఒత్తి విసిరే మంచు ముద్దలు కూడా కంట్లో రక్తం చేర్చగలవు. దెబ్బ తగిలాక నల్లగుడ్డు వెనక ఎర్రటి గీత కనిపిస్తే పిల్లాణ్ని తల ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రమాదాల్లో ఒక తేడా ఇంట్లో అందరికీ తెలియాలి. కంట్లో రసాయనం పడితే, అది గిన్నెలు తోమేదైనా, బాత్రూం కడిగేదైనా, చేతులకి రాసుకునే శానిటైజరైనా, ఆ క్షణమే రెప్పలు విడదీసి పట్టుకుని కుళాయి కింద కనీసం 15, 20 నిమిషాలు కడగాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. డాక్టరు ఏమంటారోనని ఫోను చేస్తూ నిలబడకూడదు. డ్రైనేజీ శుభ్రం చేసే క్షారాలు యాసిడ్ కంటే ప్రమాదం, అవి లోపలికి తొలుచుకుంటూ పోతాయి. అదే బాణసంచా తగిలినా, ఏదైనా గుచ్చుకున్నా కడగకూడదు, రుద్దకూడదు, గుచ్చుకున్నది లాగకూడదు. కాగితపు కప్పు అడుగు భాగాన్ని కత్తిరించి కంటి చుట్టూ ఎముకకి ఆనేలా, కనుగుడ్డుకి తగలకుండా అంటించి తీసుకెళ్లాలి. షాంపేన్ లాంటి నురగ పానీయాల సీసా బిరడా గంటకి 80 కిలోమీటర్ల వేగంతో ఎగరగలదు, మూతి మీద గుడ్డ కప్పి, ఎవరి మొహం వైపూ కాకుండా పక్కకి వంచి తెరవాలి. అలంకరణకి తెచ్చిన కొమ్మలు గీసుకుంటే చిన్న గీతే కదా అనుకోవద్దు, ఆకులూ కొమ్మలూ గీసిన చోట ఫంగస్ పట్టొచ్చు.

ఒకరికి కంటికలక వస్తే తువ్వాలు, దిండు గలీబు వేరు చేయండి, చేతులు సబ్బుతోనే కడగండి. పది రోజుల నుంచి రెండు వారాలు పట్టినా చాలావరకు దానంతట అదే తగ్గుతుంది.

మీతో వచ్చేవాళ్లలో ఎవరికైనా ఈ మధ్య రెటీనా ఆపరేషన్ అయి కంట్లో గ్యాసు బుడగ ఉంటే, విమానమూ వద్దు, కొండలూ వద్దు. ఎత్తుకి పోయేకొద్దీ ఆ గ్యాసు ఉబ్బి కంటి ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది. గ్యాసు రకాన్ని బట్టి అది పోవడానికి రెండు వారాల నుంచి ఎనిమిది వారాల దాకా పడుతుంది. ఆపరేషన్ చేసిన డాక్టరు ‘పోయింది’ అనేదాకా టికెట్టు తీయకండి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లకి సెలవుల్లో చక్కెర పెరిగి చూపు మసకబారితే కొత్త అద్దాలు చేయించకండి. చక్కెర అదుపులోకొచ్చి కొన్ని వారాలయ్యాక పవర్ చూడాలి, లేకపోతే అద్దాలు వృథా.

చేతి సంచిలో మీ కళ్లద్దాలు, వాటి పవర్ రాసిన చీటీ, అమ్మగారి మందులు, ప్రిజర్వేటివ్ లేని చుక్కలు పెట్టుకోండి. మీరు బస చేసే చోటికి దగ్గర్లో సెలవు రోజుల్లో కూడా తెరిచి ఉండే కంటి ఎమర్జెన్సీ ఎక్కడుందో బయల్దేరే ముందే కనుక్కోండి. ఆ నంబరు మీ ఫోన్లో వేసుకోండి, అమ్మగారి ఫోన్లో కూడా వేసి, ఒకసారి ఆవిడ చేత డయల్ చేయించి చూడండి.